దృష్టాంతం నుండి సూత్రానికి: మాక్రో బోధనపై ఒక విమర్శ

వర్డ్ ప్రాసెసర్‌లో మాక్రోలు నేర్పే పాఠాలు దాదాపు అన్నీ ఒకే దారిలో నడిచి ఒకే చోట ఆగుతాయి. వ్యూ పట్టీలో మాక్రోస్ నొక్కి, రికార్డు మొదలుపెట్టి, ఖాళీలు లేని పేరొకటి పెట్టి, చేయదలచిన పనిని ఒకసారి చేసి, రికార్డు ఆపాలి. ఆపైన ఆల్ట్, ఎఫ్8 మీటలు కలిపి నొక్కితే వచ్చే జాబితా నుండి ఆ పనిని ఎన్నిసార్లైనా చేయించుకోవచ్చు. ఈ పాఠంలో తప్పేమీ లేదు. అయితే యంత్రం భద్రపరచినది చేసిన చర్యనే గాని, ఆ చర్య వెనుక ఉన్న ఉద్దేశాన్ని కాదన్న సంగతి మాత్రం అందులో కనబడదు.

ఒమాన్‌లో ఉద్యోగం చేసే తెలుగువారికి ఈ భేదం సులభంగానే బోధపడుతుంది. 2013 మే 1 నుండి ఆ దేశంలో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుండి శుక్ర, శనివారాలకు మారింది. ‘పనిదినాలు శనివారం నుండి బుధవారం వరకు’ అనే వాక్యాన్ని అంతకు ముందు మాక్రోగా రికార్డు చేసుకున్న మస్కట్ కార్యాలయం ఒకటి ఉందనుకుంటే, ఆ మాక్రో మే 2న కూడా అదే వాక్యాన్ని రాస్తుంది. ఇది సరిదిద్దుకోగల పొరపాటే. కాని, డిశ్చార్జి సమ్మరీలో ‘రెండు ఊపిరితిత్తులూ సవ్యంగా ఉన్నాయి’ అని చేర్చే మాక్రో, శస్త్రచికిత్సతో ఒక ఊపిరితిత్తిని తొలగించిన రోగి కాగితంలోనూ ఆ మాటే చేరుస్తుంది. అక్కడ ఎవరూ పరీక్షించి చెప్పని మాట వైద్యుని సంతకం కిందికి వస్తుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఈ భేదాన్ని బడిలోనే ఎరుగుదురు. ‘రాముడు + అతడు = రాముడతడు’ అన్నది ఉదాహరణ; ఉత్వసంధి సూత్రం. ఉదాహరణను మాత్రమే వల్లించిన విద్యార్థి ‘వాడు + ఎవడు’ ఎదురైనప్పుడు ఆగిపోతాడు. రికార్డు చేసిన మాక్రో అటువంటి ఉదాహరణ. దానిని సూత్రంగా మార్చుకునే అవకాశం వర్డ్‌లోనే ఉంది. 1997 నాటి వర్డ్ 97 నుండి రికార్డైన ప్రతి చర్యా విజువల్ బేసిక్ పాఠంగా నమోదవుతుంది. ఆల్ట్, ఎఫ్11 నొక్కితే దానిని చదవవచ్చు, తిరగరాయవచ్చు. ఆదేశాల పేర్లు కంఠస్థం చేయనక్కరలేకుండా రికార్డరే రాసి చూపుతుంది. దాని అసలైన ప్రయోజనం ఇదే. బోధన ఇక్కడ మొదలు కావలసి ఉండగా, ఇక్కడికి రాకముందే ముగిసిపోతున్నది.

ఈ లోపం తెలుగుకు ఎక్కువ నష్టం చేస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన రచనలను యూనికోడ్‌లోకి మార్చే పనిని చూడవచ్చు. ఆ ఫాంట్లు కంటికి కనబడే ముక్కలను ఆంగ్లాక్షరాల స్థానాలలో దాచుకున్నాయి. వాటిలో ‘భక్తి’ అంటే భ, కి, త ఒత్తు. యూనికోడ్‌లో అదే మాట భ, క, పొల్లు, త, గుడి. ఒక్కొక్క ముక్కను వెదికి మార్చే పనిని రికార్డు చేసి నడిపితే ‘భకి్త’ అనే వికృతరూపం మిగులుతుంది. జాలంలో తెలుగు చదివేవారికి ఇది చిరపరిచితమే.

దీనికి చికిత్స సూత్రంలో ఉంది. సరైన తెలుగులో గుణింతపు గుర్తు తరువాత పొల్లు రాదు. కనుక గుణింతం, పొల్లు, హల్లు అనే వరుస ఎక్కడ ఎదురైనా దానిని పొల్లు, హల్లు, గుణింతంగా మార్చాలి. ఇదైనా ఒక్కసారి నడిపితే చాలదు. ‘సీ్త్ర’ మొదటిసారికి ‘స్తీ్ర’ అవుతుంది, రెండవసారికి గాని ‘స్త్రీ’ కాదు. మార్చవలసినది మిగలనంత వరకు నడపమని మాక్రోకు చెప్పాలి. ‘అంత వరకు’ అనే షరతును ఏ రికార్డరూ తనంతట రాయదు, మనిషి రాయవలసిందే. కోడ్ కిటికీ తెలుగు లిపిని నేరుగా చూపదు కాబట్టి క అక్షరానికి 3093, పొల్లుకు 3149 అంటూ సంఖ్యలతో రాసుకోవాలి.

కంటికి అందని ప్రమాదం మరొకటి ఉంది. పాత ఫాంటు ముక్కలు ఆంగ్లాక్షరాల స్థానాలలోనే ఉన్నందున, ‘అన్నీ మార్చు’ అన్న ఆదేశం అదే పత్రంలోని ఆంగ్ల పేర్లను, మందుల పేర్లను కూడా తెలుగు ముక్కలుగా మార్చివేస్తుంది. వెదుకులాటను ఆ ఫాంటుకే పరిమితం చేయాలి. రికార్డైన పాఠంలో ఆ షరతు నిలిచిందో లేదో చదివి చూసుకోవాలి.

ఎవరో రాసిన మాక్రోను తెప్పించుకుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజమే. 1999 మార్చిలో మెలిస్సా వైరస్ వ్యాపించినది వర్డ్ మాక్రో రూపంలోనే. 2022 నుండి మైక్రోసాఫ్ట్ అంతర్జాలం ద్వారా వచ్చిన పత్రాలలోని మాక్రోలను ముందుగానే అడ్డుకుంటున్నది. అరువు మాక్రోను నమ్మాలన్నా దానిని చదవగలగాలి.

ప్రవాసాంధ్ర సంఘాల ఉగాది సంచికలు, జ్ఞాపికలు, కవితా సంకలనాలు పాత ఫాంట్లలోనే నిలిచి ఉన్నచోట, వాటిని మార్చే పని సాధారణంగా వృత్తి వేరైన ఒక సభ్యుని సాయంకాలాలకే మిగులుతుంది. ఆ సభ్యునికి కావలసిన పాఠం మీటల వరుస ఒక్కటే కాదు. రికార్డు చేయడం, రికార్డైనది చదవడం, నియమంగా తిరగరాయడం, ‘భక్తి’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ఒక ఆంగ్ల నామం ఉన్న చిన్న పత్రంపై పరీక్షించడం, మూలప్రతిని ఫాంటుతో సహా విడిగా దాచడం: ఈ అయిదూ ఒకే పాఠంలో ఉండాలి.