మహాయవనిక

లండను నగరమున సౌత్ కెన్సింగ్టన్ ప్రాంతమందలి సైన్సు మ్యూజియమునకు పోవువారిలో పెక్కుమంది ఆవిరియంత్రములను, విమానములను, 1969 మే నెలలో చంద్రుని చుట్టివచ్చిన అపోలో 10 నౌకయొక్క మాడిన కవచమును చూచి, కాళ్లు పీకగా ఇంటిదారి పట్టుదురు. మ్యూజియము చూచుటకు రుసుము లేదు. అందలి ఐమాక్స్ చిత్రశాలకు మాత్రము వేరుగ టిక్కెట్టు కొనవలెను. కొనక వెడలిపోవువారిని చేయిపట్టి ఆపవలెనని నాకు తోచును. ఏలయన, తక్కిన యంత్రములు తమ పని చాలించి అద్దాల వెనుక విశ్రమించియుండగా, ఏ పనికై పుట్టెనో ఆ పనినే నేటికిని చేయుచు సజీవముగ నున్న ఒక మహాయంత్రము ఆ శాలయొక్క ప్రొజెక్టరు గదిలో గలదు.

2000 సంవత్సరమున మ్యూజియమునకు వెల్కమ్ వింగ్ అను క్రొత్త భాగమును చేర్చినపుడు ఈ శాల వెలసినది. తెర వెడల్పు 24 మీటర్లకు పైమాట. ఎత్తు 17 మీటర్లకు రవంత తక్కువ. చూచివచ్చినవారందరును ఈ పరిమాణమునే పొగడుదురు గాని, ఆ పొగడ్త నాకు చాలదు. పెద్ద తెర కట్టుట ధనముగల వారెవరికైనను సాధ్యమే. ఆ తెరపై దూరపు కొండకొనను వెంట్రుకవాసియైన వణకకుండ నిలుపుట విద్య. పదునైన బొమ్మను పదింతలు పెంచినపుడు దానిలోని వణకు కూడ పదింతలగును. ఆ వణకును జయించినవారే ఈ కళకు నిజమైన కర్తలు.

సామాన్యమైన సినిమా యంత్రమున ఫిల్ము నిలువుగ దిగును. అంచునందలి రంధ్రములను పట్టి యంత్రము దానిని లాగుచు, ఆపుచు, మరల లాగుచుండును. ఐమాక్స్ పద్ధతిలో 70 మిల్లీమీటర్ల ఫిల్ము అడ్డముగ నడచును. ఒక్కొక్క ఫ్రేము 15 రంధ్రముల పొడవును ఆక్రమించును. దాని వైశాల్యము మన హాళ్లలో తరతరములుగ ఆడిన 35 మిల్లీమీటర్ల ఫ్రేమునకు దాదాపు పదిరెట్లు. సెకనునకు 24 ఫ్రేముల చొప్పున నిమిషమునకు నూరు మీటర్లకు పైగా ఫిల్ము పరుగిడవలెను. అంత వెడల్పుగల ఫిల్మును అంత వేగమున కుదిపి లాగినచో రంధ్రములు చినిగి, కొలది సేపటిలోనే రీలు పాడగును. ఈ చిక్కును విప్పినవాడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరవాసి రాన్ జోన్స్. ఆయన ఫిల్మును లాగుటయే మానెను! తిరుగుచున్న చక్రముయొక్క అంచున నుండు ఖాళీలలోనికి ఫిల్ము ఉబ్బి లేచి, ఆ ఉబ్బు గొంగళిపురుగు వీపుమీది మడతవలె ముందునకు దొర్లుచు, దొర్లినచోట ఒక్కొక్క ఫ్రేమును మెత్తగ పరచి పోవును. పరచిన ఫ్రేమును కదలని సూదులు రంధ్రములలో దూరి పట్టుకొనును. గాలిని పీల్చు ఏర్పాటు దానిని లెన్సు గాజునకు సమతలముగ అదిమి యుంచును. నీటితో చల్లార్చవలసినంత వేడిమిగల 15 కిలోవాట్ల జెనాన్ దీపముయొక్క వెలుగు అపుడు దానిగుండ ప్రసరించును. సెకనులో ఇరువదినాలుగవ వంతు కాలమున ఇన్ని పనులు జరిగి, ఏ ఒక్కటియు మనకు తెలియకపోవుటకంటె గొప్ప నేర్పు యంత్రశిల్పమున నేనెరుగను.

చరిత్రను క్లుప్తముగ చెప్పుదును. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనమున అనేక ప్రొజెక్టర్లతో బహుతెరల చిత్రములు చూపి, ఆ తంటాలకు విసిగి, ఒక్క బలమైన యంత్రమే ఏల ఉండరాదని తలచిన కెనడా చలనచిత్రకారులు గ్రేమ్ ఫెర్గూసన్, రోమన్ క్రోయిటర్‌లు. వారితో చేరిన రాబర్ట్ కెర్, యంత్రజ్ఞుడు విలియమ్ షా. జోన్స్ ఊహను షా సంస్కరించి పటుత్వము కూర్చగా, 1970లో ఒసాకా ప్రదర్శనమున టైగర్ చైల్డ్ అను తొలి చిత్రము వెలువడెను. మరుసటి యేట టొరాంటోలో స్థిరమైన శాల యేర్పడెను.

ఈ విద్యకు మ్యూజియములే పుట్టినిండ్లని చెప్పినచో తప్పు లేదు. 1973లో శాన్ డియెగో విజ్ఞానకేంద్రము గుమ్మటపు తెరను నిలిపెను. 1976 జూలైలో వాషింగ్టనునందలి వైమానిక, అంతరిక్ష మ్యూజియము ద్వారములు తెరచినపుడు టు ఫ్లై అను చిత్రము అందు ఆడెను. దానిని తీసిన గ్రెగ్ మెక్‌గిలివ్రే, జిమ్ ఫ్రీమన్‌లలో ఫ్రీమన్ ఆ నెలకు ముందునెలలోనే హెలికాప్టరు ప్రమాదమున మరణించి, తన చిత్రమునకు లభించిన జయధ్వానములను వినకయే పోయెను. 1985 నాటి ది డ్రీమ్ ఈజ్ అలైవ్ చిత్రమునకు కెమెరా పట్టినవారు సాక్షాత్తు వ్యోమగాములే. దానియందు బరువులేని దేహముతో తేలియాడుచు కనిపించు జూడిత్ రెజ్నిక్ మరుసటి యేడాది చాలెంజర్ అంతరిక్షనౌక ప్రమాదమున మరణించెను. తెరపై ఆమె ముఖమును చూచి కన్ను చెమర్చనివాడుండడు. ఇక చలనచిత్రకారుడు డేవిడ్ బ్రీషర్స్! 1996 మే నెలలో ఎవరెస్టుపై తుఫాను వలన పలువురు ప్రాణములు కోల్పోవుచుండగా, చిత్రీకరణకై దాచుకొన్న ప్రాణవాయువును ఆపన్నులకు విడిచియిచ్చి, పిదప అదే మాసమున టెన్జింగ్ నార్గే కుమారుడు జామ్లింగుతో కూడ శిఖరమెక్కి, ప్రత్యేకముగ తేలికచేసిన కెమెరాలో ఆ చలిలో వట్టిచేతులతో ఫిల్ము నెక్కించిన ధీరుడాతడు. ఒక చుట్ట ఫిల్ము నిమిషమున్నరకే సరి. ఆ నిమిషమున్నర కొరకు ప్రాణములు ఒడ్డినవారిని తలచినపుడు, అది వట్టి వినోదమని తీసివేయుటకు నా నోరాడదు.

మ్యూజియమున ఇట్టి చిత్రమును చూచుటలో మరియొక విశేషము కలదు. క్రింది శాలలో అపోలో నౌకయొక్క కవచమును తాకునంత దగ్గరగ నిలిచి చూచిన బాలుడు, పిదప తెరపై భూగోళము నిండుగ లేచివచ్చుట చూచినపుడు, వస్తువునకును దృశ్యమునకును నడుమ తనంతతాను ముడివేసికొనును. ఏ పాఠ్యపుస్తకమును ఆ ముడిని వేయజాలదు.

ఆపరేటర్లను పొగడక ఈ వ్యాసమును ముగించినచో పాపము. 2023లో ఓపెన్‌హైమర్ చిత్రము ఈ శాలలో ఫిల్ముపై ఆడెను; ఒక్క ప్రతి దాదాపు 18 కిలోమీటర్ల పొడవు, 270 కిలోలకు పైగా బరువు. పెద్ద పళ్లెములపై దానిని చుట్టి, ధూళికణమైన అంటకుండ కాచి, మూడు గంటలసేపు చెవితో యంత్రపు శ్రుతిని కనిపెట్టుచు నడుపువారి పేరు ఏ గోడపత్రికపైనను ఉండదు. కార్బను కడ్డీల కొసలను చేరువగ నుంచి వెలుగు నిలుపుచు, మన టూరింగ్ టాకీసులలో బొమ్మ ఆడించిన ఆపరేటర్లకు వీరు వారసులు. ఆ శాలలో లేజరు ప్రొజెక్టరును కూడ అమర్చిరి; అది చక్కగనే యున్నది. అయినను ఫిల్ము యంత్రమును పెరికివేయక నిలుపుకొనిన ఆ మ్యూజియము వారికి నేను చేతులెత్తి నమస్కరించుచున్నాను. లేజరు బొమ్మ నిర్మలమే. ఫిల్ము బొమ్మలో వలె వెలుగునకు లోతు లేదని నా దృఢవిశ్వాసము, ఎవరు వాదించినను మార్చుకొనను.

నాకు ఆగ్రహము కలుగునది మరియొక చోట. 2008 నుండి ఈ మహానామమును మామూలు మల్టీప్లెక్సు గదులకు తగిలించు వాడుక ప్రబలెను. రెండు 2కె డిజిటల్ ప్రొజెక్టర్లు నిలిపి, తెరను కొంత ముందునకు జరిపి, అదే పేరును అదే అక్షరములతో వ్రాసి, అధికమైన టిక్కెట్టు వసూలు చేయుట ఏ ధర్మము? అసలు ఐమాక్స్ బొమ్మకు ఎత్తు ఒకటైనచో వెడల్పు 1.43, ఈ క్రొత్త తెరలకు 1.90. అనగా నిండు ఎత్తున తీసిన దృశ్యములో దాదాపు నాలుగవవంతు పైన, క్రింద కోసివేసి, మిగిలినదే సర్వమని అమ్ముచున్నారు! అసలును ఎరుగని నేటి పిల్లలకు నకిలీయే ప్రమాణమైపోవుచున్నది. వారిది తప్పు కాదు, చూపినవారిది తప్పు.

మన హైదరాబాదును తలచినపుడు ఈ బాధ రెట్టింపగును. 2003లో హుస్సేన్ సాగరము చెంత ప్రసాద్స్ వారు 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పుగల తెరను నిలిపి, నిండు ఫిల్ము యంత్రముతో చిత్రములాడించి, తెలుగువారిని ప్రపంచ ప్రేక్షకుల వరుసలో కూర్చుండబెట్టిరి. ఆ ఫిల్ము యంత్రము నేడక్కడ ఆడుట లేదు. తెర పెద్దదే, డిజిటల్ బొమ్మ మంచిదే, జనులు నేటికిని ఆ భవనమును ఐమాక్స్ అనియే పిలుచుచున్నారు. కాని అడ్డముగ పరుగిడు ఆ ఫిల్ము వెలుగు మన గడ్డపై మరల చూడగలమా?

చూడవలెనన్నదే నా విన్నపము. బిర్లా ప్లానెటేరియముతో ఇన్ని యేండ్లుగ పిల్లలకు నక్షత్రములను చూపుచున్న నగరమున, ఒక విజ్ఞానశాలలో ఒక్క ఫిల్ము యంత్రమైన నిలుపుట అసాధ్యము కాదు. ప్రపంచమున మూలబడుచున్న యంత్రములు తునకలుగ అమ్ముడుపోవకముందే ఒకదానిని తెప్పించి, నడుపనేర్చిన వృద్ధులైన ఆపరేటర్లను పిలిచి, ఇద్దరు ముగ్గురు యువకులకు ఆ విద్యను చేతితో నేర్పింపవలెను. లండనుకు పోవువారు టిక్కెట్టు కొనునపుడు ఆ ఆట ఫిల్మా, లేజరా అని తప్పక అడుగుడు. ఫిల్ముపై ఆడునాడే పొండు. ఆట ముగిసిన తరువాత ప్రొజెక్టరు గది వైపు తిరిగి చప్పట్లు కొట్టుడు.