వాలెరిగిన ఇంజనీరు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న ముద్దేనహళ్లిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు చిక్కబళ్లాపురం పక్కన ఉంది. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం, ఇంటిపేరు అక్కడిదే. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బీఏ, పూనాలో ఇంజనీరింగు చదివి బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరారు.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన తలుపులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టం దాటితే అవి వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలవ చేయగలిగారు. వరద వచ్చిన రాత్రి మనిషి పరుగెత్తుకెళ్లి తలుపు ఎత్తాల్సిన అవసరమూ తప్పింది. నీటి బలంతో పోట్లాడకుండా దాని చేతే పని చేయించుకోవడం ఆయన పద్ధతి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద విశ్వేశ్వరయ్య వచ్చి, నగరం కంటే ముందు నది పైభాగాన్ని పరిశీలించారు. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేలింది. మీది చెరువు కట్ట తెగితే కింది చెరువు ఆగదన్న సంగతి గొలుసు చెరువుల మధ్య బతికే రాయలసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నగరంలో గోడలు కట్టినంత మాత్రాన చాలదని, వరదను పైనే పట్టి మెల్లగా వదలాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచే వచ్చాయి.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1912 నుంచి 1918 దాకా దివాను. కృష్ణరాజసాగర్ నిర్మాణానికి పూనుకున్నది మైసూరులో ఉన్న ఆ కాలంలోనే. ఆయన పేరు చెప్పగానే చాలామందికి ఆ ఆనకట్టే గుర్తుకొస్తుంది. తిరుపతి వాళ్లకు మాత్రం తిరుమల ఘాట్ రోడ్డు గుర్తుకు రావాలి.

ఆ రోడ్డు రాకముందు తిరుమల కొండ ఎక్కాలంటే అలిపిరి మెట్లో, శ్రీవారి మెట్టో. నడవలేనివాళ్లను డోలీల్లో మోసేవారు. ముసలివాళ్లకు, జబ్బు మనుషులకు స్వామి దర్శనం మోతగాళ్ల భుజాల మీద ఆధారపడి ఉండేది. మొదటి ఘాట్ రోడ్డు పథకం విశ్వేశ్వరయ్యదేనని చెబుతారు. 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించేనాటికి ఆయన ఎనభై దాటారు.

అలిపిరి మెట్లు 3,550. కాలిబాట ఎత్తును సూటిగా ఎక్కేస్తుంది. బండికి ఆ దారి కుదరదు. సుమారు 700 మీటర్ల ఎత్తును 19 కిలోమీటర్లకు సాగదీస్తే, సగటున 27 మీటర్లకు ఒక మీటరు మాత్రమే ఎక్కాలి. అలా సాగదీయడానికే 36 మలుపులు. మలుపు దగ్గర రోడ్డు వెనక్కి తిరిగి, ఇందాక వచ్చిన దారికి సరిగ్గా పైన నిలుస్తుంది. బండి వెనక భాగం లోపలికి కోసుకొచ్చేది అక్కడే కాబట్టి రోడ్డు వెడల్పు పెంచాలి. కొండవైపు నుంచి దిగే వాననీటిని పక్క కాలువలో పట్టి, కల్వర్టు కింద నుంచి లోయలోకి పంపాలి. ఈ కాలువ పూడిందంటే నీరు రోడ్డు మీదికెక్కి లోయ అంచును కోసేస్తుంది. ఘాట్ రోడ్డు బతికేది తారుతో కన్నా కాలువతోనే.

1955లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక, పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి అయ్యాయి. 2021 డిసెంబరు 1న వానలకు కొండచరియలు విరిగి కొత్త రోడ్డు దెబ్బతిన్నప్పుడు, కొన్నాళ్లు ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ పాత రోడ్డు మీదనే నడిపారు.