మళ్లీ అదే మడి దగ్గరికి

ఆగస్టు నెలాఖరు. ఉత్తర అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలు దాటాక పరుచుకున్న టండ్రా. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న మనిషి, కొలత గీతలున్న ఉక్కు చువ్వను నేలలోకి దించుతుంటాడు. నాచు, కుళ్లిన ఆకుల పొర, బురద దాటి మెత్తగా దిగిన చువ్వ ఒకచోట టక్కుమని ఆగుతుంది. కింద గడ్డకట్టిన నేల. "నలభై ఏడు" అని సెంటీమీటర్లలో లోతు కేక వేస్తాడు. వెనకున్న మనిషి తడిసినా చిరగని కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంటుంది. వంద మీటర్ల అవతల ఇంకో గుర్తు. అక్కడ మళ్లీ చువ్వ, మళ్లీ కేక. కిలోమీటరు పొడవూ కిలోమీటరు వెడల్పూ ఉన్న ఆ గడిలో అలాంటి గుర్తులు 121.

ఆర్కిటిక్ పరిశోధన అనగానే మనకు కుక్కల బండీ, గడ్డానికి పట్టిన మంచూ, పాతిన జెండా గుర్తొస్తాయి. అక్కడి జీవావరణ శాస్త్రవేత్తల పనికి మాత్రం ఆ సాహసగాథల కన్నా మన కరణాలు రాసిన అడంగల్ దగ్గరి చుట్టం. ఏ సర్వే నంబరులో ఈ ఏడు ఏ పంట వేశారు, ఎంత మేర వేశారు. ఏటా అదే పొలం, అదే ప్రశ్న. ఒక్క ఏడాది అడంగల్ చూస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. నలభై ఏళ్లవి పక్కపక్కన పెడితే ఊరి కథ బయటపడుతుంది.

చువ్వ కొలిచేది వేసవిలో నేల ఎంత లోతు కరిగిందో. దాని కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల, పర్మాఫ్రాస్ట్. వేల ఏళ్లుగా కుళ్లకుండా నిలిచిపోయిన వేళ్లూ ఆకులూ అందులో ఉన్నాయి. వాతావరణంలో ఇప్పుడున్న కార్బన్‌కు దాదాపు రెట్టింపు ఆ నేలల్లోనే ఉందని అంచనా. పైపొర లోతుగా కరిగే కొద్దీ సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుంది, కార్బన్ డయాక్సైడూ మీథేనూ పైకొస్తాయి. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ భూగోళ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. అందుకే 1991 నుంచి ఎన్నో దేశాల వాళ్లు ఒక జట్టుగా ఈ లోతును ఏటా ఒకే తీరులో కొలుస్తున్నారు.

పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది పైకప్పు లేని గూడు. 1990లో మిషిగన్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు అంతర్జాతీయ టండ్రా ప్రయోగం, ఐటెక్స్, మొదలుపెట్టారు. రాబోయే వేడిని ఇప్పుడే మొక్కలకు రుచి చూపించాలి. కరెంటు తీగ లేనిచోట హీటర్ ఎక్కడ పెడతారు? లోపలికి వంగిన ఫైబర్‌గ్లాస్ పలకలను ఆరుముఖాలుగా నిలబెట్టి మడి చుట్టూ గూడు కట్టారు. గాలిని అది అడ్డుకుంటుంది, ఎండను పట్టి ఉంచుతుంది. లోపల ఒకటి నుంచి మూడు డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. పక్కనే గూడు లేని మడి ఒకటి, పోల్చడానికి. మోటారు లేదు, బ్యాటరీ లేదు. పాడవడానికి ఏమీ లేనిది కాబట్టే అంత కాలం నిలిచింది.

ఇక ఆ మడిలో ఏముందో లెక్కపెట్టడం. మడి మీద దారాలు అల్లిన చట్రం పెడతారు. దారాలు కలిసే వంద చోట్లా సన్నని కడ్డీని నిట్టనిలువుగా దించుతారు. దిగేటప్పుడు కడ్డీకి తగిలిన ప్రతి ఆకునూ, కాడనూ, నాచునూ పేరుతో సహా రాయాలి. పూత లేనప్పుడు కూడా ఏ గడ్డి ఏదో పోల్చుకోగలగాలి. ఒక్క మడికే గంటలు పడుతుంది. పైగా దోమలు. ఆర్కిటిక్ దోమల సంగతి తెలియనివాళ్లు మన గోదావరి లంకల దోమల్ని తలుచుకుని, ఆపైన కొంత కలుపుకోవచ్చు. నడకా కష్టమే. గడ్డి దుబ్బు మీద అడుగేస్తే ఒరిగిపోతుంది, దుబ్బుల మధ్య వేస్తే చల్లటి నీళ్లలోకి దిగుతుంది. మన తొక్కుడుకే మడి చెడిపోతుందని అందరూ నడిచే చోట చెక్క బాటలు వేస్తారు.

ఇంత ఓపిక ఎందుకంటే, జవాబు మధ్యలో మాట మారుస్తుంది. అలాస్కాలోని టూలిక్ సరస్సు దగ్గర 1975లో పరిశోధన కేంద్రం వెలిసింది. అక్కడ 1981లో కొన్ని మడులకు ఎరువు వేయడం మొదలుపెట్టారు. నేల వేడెక్కితే పోషకాలు ఎక్కువ విడుదలవుతాయి కదా, ఆ పరిస్థితిని ముందే సృష్టించారన్నమాట. గడ్డి దుబ్బులు వెనకబడి పొట్టి బర్చ్ పొదలు అల్లుకున్నాయి. పచ్చదనం బాగా పెరిగింది. మొక్కలు పెరిగితే కార్బన్ నేలలోనే దాచుకుంటాయి, మంచిదే అనుకోవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత తవ్వి చూస్తే పైన పెరిగినదానికన్నా లోతు పొరల్లో పోయిందే ఎక్కువ. చదరపు మీటరుకు నికరంగా దాదాపు రెండు కిలోల కార్బన్ నష్టం. 2004లో అచ్చయిన ఆ ఫలితం చాలామంది లెక్కల్ని తిరగరాయించింది.

దగ్గర్లోని కుపారుక్ నదిదీ ఇదే కథ. 1983 నుంచి వేసవుల్లో ఆ నీటిలోకి కొద్దికొద్దిగా ఫాస్ఫరస్ వదిలారు. మొదట రాళ్ల మీద పాకుడు పెరిగింది, చేపలు బలిశాయి. ఎనిమిదేళ్లు గడిచాక నదీగర్భమంతా నాచు దుప్పటి కప్పేసి నది స్వరూపమే మారిపోయింది. మూడేళ్ల ప్రాజెక్టుగా ముగించి ఉంటే "చేపలకు లాభం" అని రాసి మూసేసేవాళ్లు. డబ్బిచ్చే సంస్థలు మాత్రం సాధారణంగా మూడు నాలుగేళ్లకే ఇస్తాయి. ఈ వృత్తిలో అసలు కష్టం చలి కాదు, ఇదీ.

కొందరు దాన్ని మొండితనంతో దాటారు. జార్జ్ డివోకీ 1975 నుంచి అలాస్కా తీరంలోని కూపర్ దీవిలో నల్ల గిలెమోట్ పక్షుల్ని లెక్కపెడుతున్నారు. అమెరికా నౌకాదళం వదిలేసి పోయిన చెక్కపెట్టెల్లో అవి గూళ్లు కట్టుకున్నాయి. వాతావరణ మార్పు కోసం ఆయన అక్కడికి వెళ్లలేదు, పక్షుల కోసం వెళ్లారు. ఏటా అవి గుడ్లు పెట్టే తేదీ ముందుకు జరుగుతూ వచ్చింది, ఎందుకంటే మంచు ముందే కరుగుతోంది. ఆ లాభమూ నిలవలేదు. సముద్రపు మంచు తీరానికి దూరమయ్యాక పిల్లలకు పెట్టే ఆర్కిటిక్ కాడ్ చేప అందడం మానేసింది. మంచు లేక ఒడ్డుకొచ్చిన ఎలుగుబంట్లు గూళ్లను కొల్లగొట్టాయి. ఇప్పుడా పక్షులుండేది గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో.

కొలతలు నేర్చిన శాస్త్రం తప్పులూ చేసింది. 1977లో అంతర్జాతీయ తిమింగల సంఘం బోహెడ్ తిమింగలాలు రెండు వేలకు మించి లేవంటూ ఉత్తర అలాస్కా ఆదివాసులైన ఇనుపియాట్ ప్రజల వేటను నిషేధించింది. వేటగాళ్లు ఒప్పుకోలేదు. తీరంలో కూర్చుని మీరు లెక్కపెట్టేది కంటికి కనిపించినవాటినే, చాలా తిమింగలాలు మంచు కిందుగా, దూరంగా వెళ్లిపోతాయి అన్నారు. తర్వాత మంచు కింద మైకులు దించి విన్నారు. 1988 లెక్కకు ఆ సంఖ్య ఏడు వేలు దాటింది. అక్కడి పెద్దల మాట వినడం కూడా ఒక కొలత పద్ధతేనని ఒప్పుకోవడానికి శాస్త్రానికి పదేళ్లు పట్టింది.

ఈ పనిలోకి ఎలా వస్తారు? చాలామంది వేసవి సహాయకులుగా. వృక్షశాస్త్రం, నేల రసాయనం, గణాంకాలు, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. దాంతోపాటు పడవ నడపడం, జనరేటర్ బాగుచేయడం, నలుగురితో ఒక గుడారంలో తగవు లేకుండా ఉండటం కూడా. నార్వేకు చెందిన ఆర్కిటిక్ ద్వీపసమూహం స్వాల్‌బార్డ్‌లోని విశ్వవిద్యాలయ కేంద్రంలో కొత్త విద్యార్థికి మొదట చెప్పేది తుపాకీ పట్టడం, చల్లటి నీళ్లలో పడితే బతికి బయటపడటం. అదే ద్వీపసమూహంలోని న్యూ-ఆలెసుండ్‌లో ఇళ్లకు తాళం వేయరు, ఎలుగుబంటి కనిపిస్తే ఏ ఇంట్లోకైనా దూరాలి కాబట్టి. వేసవి కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా కంప్యూటర్ ముందు, పెన్సిల్ అంకెలతో.

మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి ఆ న్యూ-ఆలెసుండ్‌లోనే ఉంది, 2008 నుంచి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. ఊరి ముందున్న కోంగ్స్‌ఫియోర్డ్ నీళ్లలో 2014 జూలై 23న, 192 మీటర్ల లోతున, గోవా, చెన్నై, హైదరాబాద్ సంస్థల శాస్త్రవేత్తలు ఇండార్క్ అనే పరికరాల దండను దించారు. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు మన తీరానికి తుపాను అలల హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ వాళ్లు. తాడు పొడవునా కట్టిన పరికరాలు నీటి వేడినీ ఉప్పునీ నమోదు చేస్తాయి. దాన్ని మళ్లీ పైకి లాగి, అంకెలు తీసుకుని, బ్యాటరీలు మార్చి, అంటుకున్న నాచు గీకి, తిరిగి ఆ ఫియోర్డ్‌లోకే దించుతారు.