పలక కింది పలక

ఘనస్థితి లిథియం బ్యాటరీ మీద వచ్చే వార్తల్లో పేరంతా ఎలక్ట్రోలైట్‌దే. నిప్పంటుకునే ద్రవాన్ని తీసేసి దాని చోట లిథియం అయాన్లను దాటనిచ్చే సిరామిక్ పలక పెడతారని, గ్రాఫైట్ బదులు అచ్చమైన లిథియం లోహాన్నే ఆనోడ్‌గా వాడుకోవచ్చని అందరూ రాస్తారు. ఆ పలక ఎంత పల్చగా ఉండాలన్న దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. ద్రవ బ్యాటరీతో బరువులో పోటీ పడాలంటే దాని మందం కొన్ని పదుల మైక్రాన్లకు మించకూడదు. అంత పల్చని సిరామిక్ చేత్తో ఎత్తితే విరుగుతుంది, కొలిమిలో వంకర పోతుంది. అందుకని దాని కింద ఒక దన్ను పెడతారు. అదే పదార్థంతో చేసి, ఒంటినిండా రంధ్రాలుంచిన మందపాటి పొర కావచ్చు. పాలిమర్ ఎలక్ట్రోలైట్ అయితే దాన్ని పీల్చుకుని నిలబెట్టే సన్నని వల కావచ్చు. ఈ వారం రాయాలనుకున్నది ఆ దన్ను గురించే.

చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయంలో ఎగ్జామినర్‌గా పనిచేసిన కాలంలో ఇలాంటి దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చేవి. మన రెండు రాష్ట్రాల నుంచి దాఖలయ్యేవీ అక్కడికే వెళతాయి. ఫలానా దరఖాస్తు గురించి నేనిక్కడ మాట్లాడను, అది మర్యాద కాదు. ఆ పని చేసేవాడి బుర్రలో ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను. ప్రచురితమైన పరిశోధనా పత్రాలు చాలు దానికి.

ఎగ్జామినర్ చేసే మొదటి పని వెతకడం. దరఖాస్తులో హక్కు కోరే ప్రతి క్లెయిమ్‌కీ ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా, అంతకుముందే ఎవరైనా ఇదే చెప్పారా అని చూడాలి. అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో ఘన ఎలక్ట్రోలైట్లు హెచ్01ఎం 10/0562 కింద ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు ఆ ఒక్క అరలో వెతికి, ఏమీ దొరక్క లేచి వస్తారు. దన్నుగా ఉండే ఆధార పొర అక్కడ ఉండదు. రంధ్రాల సిరామిక్‌లన్నీ సీ04బీ 38లో ఉంటాయి. వడపోత పొరలను మోసే ఆధారాలు బీ01డీలో దొరుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యమైన అర హెచ్01ఎం 8/12. అది అధిక ఉష్ణోగ్రత ఫ్యుయెల్ సెల్స్‌ది.

ఘన ఆక్సైడ్ ఫ్యుయెల్ సెల్స్ వాళ్లకు సరిగ్గా ఇదే ఇబ్బంది ముందే వచ్చింది. వాళ్ల జిర్కోనియా ఎలక్ట్రోలైట్‌ని పదీ ఇరవై మైక్రాన్లకు దించాలంటే అది సొంతంగా నిలబడదు. 1990లలోనే వాళ్లు నికెల్, జిర్కోనియా కలిపిన రంధ్రాల ఆనోడ్‌ని మందంగా చేసి, దానిమీద ఎలక్ట్రోలైట్‌ని పల్చని పొరగా వేసి, రెంటినీ కలిపి కాల్చడం నేర్చుకున్నారు. పొడిని బైండర్‌తో కలిపి ముద్ద చేసి టేపులా పరుస్తారు. రంధ్రాలు రావలసిన టేపులో కాలిపోయే పూసలు కలుపుతారు. టేపులను ఒకదానిమీద ఒకటి ఒత్తి కొలిమిలో పెడతారు. లిథియం బ్యాటరీకి చేసే రంధ్రాల గార్నెట్ (ఘన ఎలక్ట్రోలైట్‌గా వాడే ఒక సిరామిక్) ఆధారానికీ పద్ధతి ఇదే. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ వాక్స్‌మన్, లియాంగ్‌బింగ్ హు బృందాలు 2017లో రంధ్రాల పొరా దట్టమైన పొరా కలిసిన గార్నెట్‌ని చూపించాయి. వాక్స్‌మన్ అంతకుముందు ఎన్నో ఏళ్లు ఫ్యుయెల్ సెల్స్ మీద పనిచేసిన మనిషి.

ఇప్పుడు ఎగ్జామినర్ ముందున్న ప్రశ్న చూడండి. ఒక రంగంలో అందరికీ తెలిసిన నిర్మాణాన్ని పక్క రంగానికి తీసుకురావడం ఆవిష్కరణ అవుతుందా? మన పేటెంట్ చట్టం 2(1)(జేఏ) సెక్షన్ ప్రకారం, ఉన్న పరిజ్ఞానం కన్నా సాంకేతికంగా ఒక అడుగు ముందుండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి. దానితోపాటు ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవాడికి తట్టేసేదిగా ఉండకూడదు. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, ఇత్తడి గిన్నెలను లేత్ మీద పట్టి ఉంచే సాధనం గురించి తీర్పు చెబుతూ, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకోగల మెరుగుదల పేటెంట్‌కి చాలదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును నేను చాలాసార్లు ఉదహరించాను. ఉదహరించిన ప్రతిసారీ కాస్త ఆగి ఆలోచించాను కూడా. పొడుపు కథ విప్పాక ఇంత తేలికా అనిపిస్తుంది. దరఖాస్తు మొత్తం చదివేసినవాడికి ఏ ఆవిష్కరణైనా అలాగే కనిపిస్తుంది. విప్పక ముందున్న అయోమయంలోకి వెనక్కి వెళ్లి నిలబడటం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని.

వెనక్కి వెళితే ఏం కనిపిస్తుంది? ఫ్యుయెల్ సెల్ ఆధారంలోని రంధ్రాల గుండా వాయువు పోతుంది. దానికి పెద్ద ఇబ్బంది లేదు. గార్నెట్ రంధ్రాల్లోకి లిథియం లోహం వెళ్లి కూర్చోవాలి. తేమగాలి తగిలిన గార్నెట్ పైన లిథియం కార్బొనేట్ పొర ఏర్పడుతుంది, కరిగిన లిథియం దానికి అంటుకోదు. అదే మేరీలాండ్ బృందం గార్నెట్ మీద అతి పల్చని అల్యూమినా పూత వేసి, లిథియంకీ గార్నెట్‌కీ మధ్య నిరోధాన్ని 1,710 ఓం-చదరపు సెంటీమీటర్ల నుంచి 1కి దించినట్టు 2017లోనే ప్రచురించింది. నా మటుకు నాకు ఆవిష్కరణ ఉన్నది అక్కడే. రంధ్రాల పొర ఉంది కాబట్టి హక్కివ్వమంటే కుదరదు. ఆ రంధ్రాల్లో లిథియం ఎలా కూర్చుందో చెప్పి, ఆ మేరకు క్లెయిమ్ చేస్తే దారి ఉంటుంది. క్లెయిమ్‌ని అక్కడిదాకా కుదించడమే ఎగ్జామినర్ చేయగల మంచి పని. దరఖాస్తుదారుడికి అది నష్టంలా కనిపిస్తుంది. రేపు కోర్టులో నిలబడేది మాత్రం ఆ కుదించిన క్లెయిమే.

కింద ఉన్నదాని గురించి మాట్లాడేటప్పుడు పదార్థాన్ని పెట్టి కాల్చే మూసను మరిచిపోకూడదు. గార్నెట్ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అదే. 2007లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయం నుంచి రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ లిథియం, లాంథనం, జిర్కోనియం కలిసిన గార్నెట్‌ని ప్రకటించారు. మురుగన్ తర్వాత పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో పనిచేశారు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ పదార్థం అయాన్ వాహకత సెంటీమీటరుకు సుమారు 0.0003 సీమెన్స్. ఘన ఆక్సైడ్‌కి అది చాలా గొప్ప అంకె. 2009లో జపాన్ బృందం ఒకటి అదే సంఘటనంతో చేసిన పదార్థంలో వాహకత వంద రెట్లకు పైగా తక్కువ కనిపించింది. మొదటిది ఘనాకార స్ఫటికం, రెండోది చతుష్కోణీయ (టెట్రాగోనల్) రూపం. అదే ఫార్ములాకి రెండు రూపాలెందుకు? 2011లో శాస్త్రవేత్త గైగర్, సహచరులు కారణాన్ని బయటపెట్టారు. అల్యూమినా మూసలో 1200 డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి కాల్చినప్పుడు మూస గోడల నుంచి కాస్త అల్యూమినియం పదార్థంలోకి దిగుతోంది. ఘనాకార రూపాన్ని నిలబెడుతున్నది ఆ అల్యూమినియమే.

ఎవరూ కలపలేదు, ఎవరూ రాయలేదు, అయినా ఉంది. ఈ నేపథ్యంలో ఒకరు వచ్చి అల్యూమినియం కలిపిన ఘనాకార గార్నెట్‌ మీద హక్కు కోరారనుకోండి. పాత పత్రంలో అల్యూమినియం అన్న మాటే లేదు. రాయకపోయినా, చెప్పినట్టు చేస్తే తప్పనిసరిగా ఏర్పడేది ఉంటే అది బయటపడిన పరిజ్ఞానమే అన్నది పేటెంట్ పరీక్షలో స్థిరపడిన సూత్రం. అక్కడ తప్పనిసరిగా అన్న షరతు బరువైనది. మూస కొత్తదా, పాతదా? ఎన్ని గంటలు కాల్చారు? పదార్థం మూస గోడకు తగిలి ఉందా, మధ్యలో పొడి పరిచారా? వీటిని బట్టి దిగే అల్యూమినియం మారుతుంది. దరఖాస్తుదారుడు కచ్చితమైన పరిమాణం చెప్పి, అది దాటినా తగ్గినా పదార్థం ఎలా పాడవుతుందో కొలతలతో చూపిస్తే, మూసలో అనుకోకుండా జరిగినది అతని హక్కుకు అడ్డు రాకూడదని నా అభిప్రాయం. కొలతలు చూపకుండా, కొంత అల్యూమినియం అని మాత్రం రాస్తే, ఆ క్లెయిమ్ పాత మూసలన్నిటినీ తనలోకి లాక్కుంటుంది.

సెక్షన్ 3(డీ) కూడా ఇక్కడికి వస్తుంది. తెలిసిన పదార్థపు కొత్త రూపం, దాని సమర్థత పెరిగితే తప్ప ఆవిష్కరణ కాదంటుందది. మందుల కేసుల వల్ల అందరికీ తెలిసిన సెక్షన్. 2013 నోవార్టిస్ తీర్పులో సుప్రీంకోర్టు సమర్థత అంటే ఆ వస్తువు ఏ పనికి ఉద్దేశించారో ఆ పనిని బట్టి చూడాలంది. మందుకు చికిత్సా సమర్థత. బ్యాటరీ సిరామిక్‌కి అయితే అయాన్ వాహకతే చూడాలని నేను వాదిస్తాను. ఘనాకార గార్నెట్‌ ఆ పరీక్షలో తేలిగ్గానే నెగ్గుతుంది. ఆధార పొర విషయం వేరు. దాని పని మోయడం కాబట్టి, విరగకుండా ఎంత బరువు మోస్తుందో, ఎంత లిథియంని పట్టి ఉంచుతుందో అడగాలి.

ఇక రంధ్రాల శాతం. నాకు నిద్రపట్టనివ్వని అంకె అది. క్లెయిమ్‌లో 40 నుంచి 80 శాతం అని ఉంటుంది, ఉదాహరణల్లో ఒకటో రెండో నమూనాలు ఉంటాయి. ఆర్కిమెడిస్ పద్ధతిలో ద్రవంలో ముంచి తూస్తే బయటికి తెరుచుకున్న రంధ్రాలే తెలుస్తాయి, లోపల మూసుకుపోయినవి తెలియవు. పాదరసం ఒత్తితే రంధ్రం కడుపు కన్నా దాని మెడ కొలత వస్తుంది. మైక్రోస్కోప్ ఫొటో మీద లెక్కేస్తే ఒక కోత మీద కనిపించినదే వస్తుంది. ఒకే పలకకు మూడు పద్ధతులూ మూడు అంకెలిస్తాయి. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని దరఖాస్తులో ఆ 40 శాతం ఎవరి హద్దు? అవతలివాడు తన పలక ఆ హద్దులో ఉందో లేదో ఎలా తెలుసుకుంటాడు? పేటెంట్ అనేది ఇరవై ఏళ్లు ఇతరులను ఒక చోటికి రానివ్వకుండా ఆపే హక్కు. ఆ చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనిపించకపోతే అది అన్యాయం. ఈ విషయంలో నేను మెత్తబడలేదు, ఇప్పుడూ మెత్తబడను.

ఎవరిదో చెప్పను గానీ, ఒక హియరింగ్ గుర్తుంది. ఆవిష్కర్తే వీడియోలో కూర్చుని, కొలిమిలో పలక కింద ఏం పరిచారో, దానితో చర్య జరగకుండా ఏ పొడి వాడారో, లిథియం ఆవిరైపోకుండా ఎంత ఎక్కువ వేశారో వివరంగా చెప్పాడు. వింటుంటే అతని ఆవిష్కరణ నిజమైనదని అర్థమైపోయింది. అందులో ఒక్క ముక్కా దరఖాస్తులో లేదు. దాఖలు చేశాక కొత్త విషయం చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. అంత మంచి పని ఆ కొలిమి గదిలోనే ఉండిపోయింది. తెలివైన మనుషులు ఆధార పలకను, మూసను, పరిచిన పొడిని చెప్పదగ్గ సంగతులుగా అనుకోరు. ఫార్ములా ఒక్కటే విజ్ఞానం అనుకుంటారు. ఆ రోజు తర్వాత యువ పరిశోధకులు ఎవరు కలిసినా మీ కొలిమి డైరీ మొత్తం స్పెసిఫికేషన్‌లో పెట్టండి అని బతిమాలుతూ వచ్చాను.

ఎగ్జామినర్ ఒంటరిగా చూడగలిగినంత ఈ రంగంలో చాలదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా సంస్థలో పొడులను కాల్చి గట్టిపరచడమే వృత్తిగా ఉన్న శాస్త్రవేత్తలున్నారు. కారైకుడిలో విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ సీఈసీఆర్ఐ ఉంది. ఏ మూస దేన్ని వదులుతుందో చేతులకు తెలిసిన మనుషులు వాళ్లు. దరఖాస్తు ప్రచురితమైన తర్వాత, పేటెంట్ మంజూరయ్యే లోపు, ఎవరైనా సరే పేటెంట్ల కంట్రోలర్‌కి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చని 25(1) సెక్షన్ చెబుతోంది. ఎవరైనా అంటే కంపెనీ లాయరే కానక్కర్లేదు, పీహెచ్‌డీ విద్యార్థీ కావచ్చు. పేటెంట్ ఆఫీస్ జర్నల్ ప్రతి శుక్రవారం ఆన్‌లైన్‌లో వస్తుంది. బ్యాటరీల వర్గం హెచ్01ఎంతో వెతికితే ఆ వారం ప్రచురితమైన దరఖాస్తులు కనిపిస్తాయి. తెరిచాక క్లెయిమ్‌ల దగ్గర ఆగకుండా, వెనక ఉదాహరణల్లో కాల్పు వివరాల దాకా వెళ్లండి. మీ ల్యాబ్‌లో రోజూ జరిగేదే అక్కడ ఒకరి సొత్తుగా కనిపిస్తే, మీ నోట్‌బుక్ కాదు, మొదటి దాఖలు తేదీకి ముందు ప్రచురితమైన కాగితాన్ని పట్టుకుని రాయండి.