ఏ వేళకు మొదలైంది నొప్పి?

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మనిషికి ముందుగా కావలసింది చీకటి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కిటికీకి పాత దుప్పటి అడ్డం కట్టి, తలకు తువ్వాలు బిగించుకుని పడుకునే మగవాళ్లను చూస్తూ పెరిగాను. పగటిపూట పిల్లలు వరండాలో అరవకూడదు. అది నింపురాలో అయినా, మధురాకాఠీలో అయినా, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అయినా ఒకటే కట్టుబాటు.

మా మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. ఎవరైనా తలనొప్పి అంటే ముందు ప్రశ్నలు వేసేది. "ఎప్పుడు మొదలైందిరా? లేచేసరికే ఉందా, ఎండెక్కాక వచ్చిందా? ఒక్క కణతేనా, తలంతానా? పొద్దున ఏటి తిన్నావు?" జవాబులన్నీ విన్నాకే సానరాయి దగ్గర కూర్చునేది. ఒకరికి శొంఠి అరగదీసి పట్టు వేసేది, ఇంకొకరికి చందనం. రెండూ తలనొప్పులే కదా, మందెందుకు మారిందని అప్పట్లో నాకు తోచలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శిరోరోగాల అధ్యాయం చదువుతుంటే ఆ సానరాయి గుర్తొచ్చింది. సుశ్రుతుడు తల వ్యాధులను 11 రకాలుగా చెప్పాడు. చరకుడు తన సంహిత సూత్రస్థానంలో 5 చెప్పి, సిద్ధిస్థానంలో మరికొన్నింటిని విడిగా వివరించాడు. లెక్కలో తేడా ఉన్నా చూపు ఒకటే. నొప్పి ఎంత ఉందన్నది తర్వాతి మాట. అది ఏ వేళకు పెరుగుతుంది, దేనికి లొంగుతుంది అన్నది వాళ్లకు ముఖ్యం. వాతం వల్ల వచ్చే నొప్పి రాత్రి హెచ్చుతుంది, గుడ్డతో బిగించి కట్టినా కాపడం పెట్టినా తగ్గుతుంది. పిత్తం వల్ల వచ్చేది నిప్పు పెట్టినట్టు మండుతుంది, చల్లదనానికీ రాత్రికీ శాంతిస్తుంది. కఫం వల్ల వచ్చేదానికి తల బరువు, చల్లదనం, మందకొడితనం గుర్తులు. శొంఠి వేడి చేసేది, చందనం చలవ చేసేది. ఇక క్వార్టర్లలో ఆ మగవాళ్లు బిగించుకున్న తువ్వాలు సుశ్రుతుడు చెప్పిన పరీక్షే. నిద్ర చెడినందువల్ల వచ్చిన నొప్పికి వాళ్ల చేతులు ఏ శాస్త్రమూ చదవకుండానే కట్టు వెతుక్కున్నాయి.

చరకుడు తలనొప్పికి చెప్పిన కారణాల జాబితా చదివితే రైల్వే ఊరి మనిషికి ఒళ్లు జలదరిస్తుంది. మలమూత్రాల వేగాలను ఆపుకోవడం, రాత్రి మేలుకోవడం, పగలు నిద్రపోవడం, గట్టిగా మాట్లాడటం, పొగ, దుమ్ము, ఎండ, మంచు, తూర్పుగాలి, మనస్తాపం. ఇది దాదాపుగా ఒక లోకో పైలట్ డ్యూటీ వర్ణన. మన రైలింజన్లలో దశాబ్దాల పాటు మరుగుదొడ్డి లేదు. గంటల తరబడి ఆపుకున్న మనిషి తల పట్టుకుని దిగేవాడు. వర్క్‌షాపులో ఇనుము మీద ఇనుము మోగుతుంటే పక్కవాడికి వినబడాలంటే కేకవేయాల్సిందే. ఆ జాబితాలోనే దేశమూ కాలమూ మారడం కూడా ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తరాలుగా ఇక్కడికి వచ్చి పని చేసినవాళ్ల బతుకంతా ఆ రెండు మాటల్లో ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అది ముఖ్యంగా ఆ తరాలవాళ్లు ఈ ఊళ్లో నిలదొక్కుకున్నందువల్లే.

మైగ్రేన్‌కు దగ్గరగా కనబడేది అర్ధావభేదకం. తలలో సగాన్ని చీల్చినట్టుండి, పదేసి రోజులకో పక్షానికో తిరిగొస్తుంది. మనం పార్శ్వపు నొప్పి అంటాం, బెంగాలీ పొరుగింటావిడ ఆధ్‌కపాలే అంటుంది, ఒడియావాళ్లు అధకపాళి అంటారు, బీహారీలు అధకపారీ అంటారు. గోల్‌బజార్‌లో ఒక్క పచారీ కొట్టు ముందు నిలబడితే ఈ మాటలన్నీ వినిపిస్తాయి, మన మాట తప్ప మిగతా అన్నిట్లోనూ ఆ సగమే ఉంది. ఇంకొకటి సూర్యావర్తం. పొద్దు పొడుపుతో మొదలై, మధ్యాహ్నానికి ముదిరి, పొద్దు వాలుతుంటే తగ్గుతుంది. "ఎండెక్కాక వచ్చిందా?" అని మామ్మ అడిగింది దీన్ని పట్టుకోవడానికేనని ఇప్పుడు తెలుస్తోంది.

చికిత్సల్లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది నస్యం. తలకు ద్వారం ముక్కేనని ప్రాచీనుల నమ్మకం. అందుకే మెడకు పైన వచ్చే రోగాలకు మందును ముక్కులో వేస్తారు. ముందు ముఖానికీ మెడకూ నూనె రాసి కాపడం పెడతారు, తల కొంచెం వెనక్కి వాల్చి గోరువెచ్చని తైలం చుక్కలు వదులుతారు. గొంతులోకి దిగినదాన్ని మింగకుండా ఉమ్మేయాలి. కొలతను వాగ్భటుడు ఎంత ముచ్చటగా చెప్పాడో చూడండి. చూపుడు వేలిని రెండు కణుపుల దాకా ముంచి పైకెత్తితే జారేదే బిందువు. పెద్ద మోతాదు 10 బిందువులు, మధ్యమం 8, చిన్నది 6. రోజూ వేసుకోదగిన ప్రతిమర్శానికి 2 చాలు. చరకుడు చెప్పిన అణుతైలాన్ని కషాయంతో పదిసార్లు కాస్తారు, పదోసారి మేకపాలు కలుపుతారు. భోజనం చేసిన వెంటనే, తలస్నానం చేయగానే నస్యం పనికిరాదు. వీడియో చూసి ఇంట్లో చేసుకోదగిన పని అంతకన్నా కాదు.

తలకు తైలం పట్టించే పద్ధతులు నాలుగు. అభ్యంగం, అంటే మర్దన. సేకం, అంటే ధార కట్టడం. పిచువు, అంటే తైలంలో తడిపిన దూదిని మాడు మీద ఉంచడం. చివరిది శిరోబస్తి. వరుసలో ఒకదాన్ని మించి ఒకటి బలమైనది. నుదుటి మీద తైలధార పోసే శిరోధార ఇవాళ హోటళ్ల దాకా చేరింది. శిరోబస్తిని మాత్రం చూసినవాళ్లు తక్కువ. తల చుట్టూ తోలు గొట్టం కట్టి, నూనె కారకుండా అంచును మినప్పిండి ముద్దతో మూస్తారు. ఇడ్లీకి నానబెట్టే ఆ మినపపప్పే! లోపల గోరువెచ్చని తైలం నింపి, వాతానికి 10,000 మాత్రల కాలం, పిత్తానికి 8,000, కఫానికి 6,000 నిలుపుతారు. మాత్ర అంటే రెప్పపాటు. అంతసేపు రోగి కదలకుండా కూర్చోవాలి, వైద్యుడు పక్కనే ఉండాలి. ఈ చికిత్సల మీద ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చాలావరకు కొద్దిమంది రోగులతోనే జరిగాయి, పెద్ద ఎత్తున జరగాలి. అయినా ఒక మనిషి నొప్పి కోసం ఇంకో మనిషి అన్ని వేల రెప్పపాట్లు లెక్కపెట్టాడన్నది నాకు చిన్న విషయం కాదు.

కడుపులోకి ఇచ్చేవాటిలో శార్‌ఙ్గధరుడి పథ్యాది కషాయం పేరున్నది. కరక్కాయ, తానికాయ, ఉసిరి, నేలవేము, పసుపు, వేప, తిప్పతీగ కాచి బెల్లంతో ఇస్తారు. చేదు నాలుక మీద చాలాసేపు ఉంటుంది. ఇంట్లోనైతే వావిలాకు ఆవిరి. మనం బాలింత స్నానానికి కాచే ఆ ఆకునే బెంగాలీలు నిశిందా అంటారు. ఇక్కడి ఆయుర్వేద వైద్యుణ్ని కవిరాజ్ అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువాడు ఆ బోర్డు చూసి లోపల ఎవరో మహాకవి ఉన్నాడనుకుంటే తప్పు పట్టలేం. చరకానికి 11వ శతాబ్దంలో ఆయుర్వేద దీపిక అనే వ్యాఖ్య రాసిన చక్రపాణి దత్తుడు ఈ బెంగాల్ నేలవాడే.

తలనొప్పికి మనవాళ్లు ఇచ్చినది కూడా ఒకటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. దాని రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక వెలువడింది. మా ఇంట్లో ఆ పసుపుపచ్చని మందు సీసా దేవుడి గూట్లో కుంకుమ భరిణ పక్కన ఉండేది.

ప్రాచీనులు భయపడిన తలనొప్పి కూడా ఉంది. కణతల్లో పుట్టి గొంతు దాకా పట్టే శంఖకం మూడు రాత్రుల్లో ప్రాణం తీస్తుందని హెచ్చరించారు. ఈ హెచ్చరికను ఇవాళ్టి మాటల్లో చెప్పుకోవాలి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం, తలకు దెబ్బ తగలడం, వీటిలో ఏది కనబడినా పట్లూ కషాయాలూ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. భస్మాలు, రసౌషధాలు చదువుకున్న వైద్యుడి చేతి నుంచి తప్ప తీసుకోకూడదు, వాటిలో పాదరసం, సీసం ఉండవచ్చు. అలాగే నొప్పి మాత్రలు నెలలో సగం రోజులు మింగితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయని ఆధునిక వైద్యం చెబుతోంది. డ్యూటీ సంచీలో స్ట్రిప్ లేకుండా బయల్దేరని వాళ్లు ఈ ఊళ్లో నాకు చాలామంది తెలుసు. వాళ్లను మామ్మ ప్రశ్నలు అడిగేవాళ్లు కావాలి.

చరకుడి జాబితాలో ఏడవడం ఉంది, దాని పక్కనే కన్నీళ్లు ఆపుకోవడమూ ఉంది. ఊరి నుంచి ఉత్తరం వచ్చిన రోజున మామ్మ నుదుటికి చీర పీలిక బిగించుకుని వంటింటి గడప మీద కూర్చునేది. సానరాయి కడిగి బోర్లించే ఉండేది. ఎప్పుడు మొదలైందని మాలో ఎవరమూ అడగలేదు.