ఎడమ పక్క తలుపు

దిల్‌సుఖ్‌నగర్ సందులోంచి మా అమ్మాయి బడి ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి మారింది. కొత్త భవనం సంగతేమో గానీ, నాకు నచ్చింది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి గారి పనితనం. వేసవి సెలవుల్లోనే పిల్లల ఇళ్లన్నీ గోడ మ్యాపు మీద గుండుసూదులుగా గుచ్చేశారు. సూదులు గుత్తులుగా ఉన్నచోటికో బస్సు. ఆపైన పొద్దున 7 గంటలకే బండేసుకుని తిరిగారు. మధ్యాహ్నపు ఖాళీ రోడ్డును నమ్మకూడదట! మన బస్సులకు తలుపు ఎడమ పక్కన. అందుకే కుడివైపు ఇళ్ల పిల్లల కోసం బస్సు యూటర్న్ తీసుకుని మరీ వస్తుంది. రెండు కిలోమీటర్లు పెరిగినా సరే, ఒక్క పిల్లనూ డివైడర్ దాటనివ్వలేదు. యాజమాన్యం డీజిల్ లెక్క అడిగితే, మొదటి స్టాపు పాప ఎన్నింటికి నిద్ర లేవాలో చెప్పారట. మా పిల్ల స్టాపు కిరాణా కొట్టు ముందు. వానొస్తే రేకుల కింద నిలబడొచ్చు.