నిలవనీరు, వేళ్ల సందు

బోదకాలు గురించి ఆయుర్వేదం, ఆధునిక వైద్యం చెప్పిన మాటల్ని పక్కపక్కన పెట్టి చదవడానికి ముదినేపల్లి కంటే తగిన చోటు నాకు తోచదు. 2022 దాకా కృష్ణా జిల్లాలో, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న ఈ మండలం కొల్లేటి సరస్సుకు చేరువది. వరిచేలు, వాటి పక్కనే చేపల చెరువులు. నాట్లకైనా, పట్టుబడికైనా కాలు నీళ్లలో పెట్టక తప్పదు. గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం రావడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలూ కొత్త కాదు. ఆధునిక వైద్యం మాట ఇలా ఎంతోకొంత తెలిసిందే కాబట్టి, ఆయుర్వేదం వైపున సుశ్రుతుడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సుశ్రుతసంహిత నిదానస్థానం పన్నెండో అధ్యాయంలో శ్లీపదం, అంటే మన బోదకాలు, ఉంది. వాత పిత్త కఫాల పేర మూడు రకాలు చేసి, మూడింట్లోనూ కఫానిదే పైచేయి అంటాడు. ఆ విభజన కంటే నన్ను పట్టి నిలిపేది ఆయన నేలను చూసిన తీరు. పాతనీరు నిలిచిపోయి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువగా పుడుతుందంటాడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీరంతా ఉప్పుటేరు దారినే సముద్రానికి పోవలసిన ఈ పల్లపు సీమకు ఆ మాట ఎంత అతుకుతుందో! తరువాతి కాలపు మాధవనిదానం ఇంకొంత దగ్గరగా చూసింది. జ్వరంతో పాటు గజ్జల్లో మొదలైన వాపు మెల్లగా పాదానికి దిగుతుందని రాసింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే వరసా అదే.

ఆధునిక వైద్యమూ నీటి దగ్గరికే వచ్చింది. అయితే ఆ నీటిలో పుట్టే దోమ మీద వేలు పెట్టింది. 1877లో చైనా తీరంలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో ఎదగడం చూశాడు. లింఫు నాళాల్లో ఏళ్లతరబడి బతికే పురుగు, రాత్రిళ్లు నెత్తుటిలో తిరిగే దాని పిల్లలు, వాటిని మోసే క్యూలెక్స్ దోమ, ఇవేవీ సుశ్రుతుడికి కనిపించే వీల్లేదు. కాబట్టి ఆయన మాట ప్రకారం నేరమంతా కొల్లేటి మీద పడుతుంది. ఈ దోమకు మాత్రం సరస్సు నీటి కంటే మురుగంటేనే ఇష్టం. ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్ల వెనక పారని కాలువల్లో, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది. పెద్ద చెరువును అనుమానించి పెరటి గుంటను వదిలేసే అలవాటు మనకింకా పోలేదు.

చికిత్సలో తేడా మరీ పెద్దది. వాత రకానికి సుశ్రుతుడు చీలమండకు నాలుగు వేళ్ల వెడల్పు పైన సిర కోసి నెత్తురు తీయమంటాడు, గోమూత్రంతో ఆముదం నెలపాటు తాగమంటాడు. నేటి వైద్యుడు ఆ కాలి మీద చిన్న గీరుకే భయపడతాడు. ఆ గాటు నాకూ భయమే. ఈ విషయంలో ఆధునికులదే సరైన మాట. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రాజమండ్రిలో దీనికోసమే శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. 2004 నుంచి సామూహికంగా మాత్రలు పంచారు. ఆ మాత్రలు నెత్తుటిలోని పురుగు పిల్లల్ని చంపి, జబ్బు పక్కింటికి పాకకుండా ఆపుతాయి. అప్పటికే వాచిన కాలిని మాత్రం మామూలు కాలు చేయలేవు.

ఆ వాచిన కాలి విషయంలో ఇద్దరూ ఒక్కలాగే ప్రవర్తించారు. ఏడాది దాటినదాన్ని, బాగా పెరిగి పుట్టలా గడ్డలెత్తి రసి కారేదాన్ని చికిత్సకు తీసుకోవద్దన్నాడు సుశ్రుతుడు. చదివితే మనసు చివుక్కుమంటుంది. మన కార్యక్రమాలూ దశాబ్దాల పాటు అంతే చేశాయి: రక్తం పరీక్షించాయి, మాత్ర ఇచ్చాయి, కాలు బరువెక్కినవాణ్ణి దాటుకుని పక్కింటికి వెళ్లిపోయాయి. చెప్పి వదిలేసినవాడి కంటే చెప్పకుండా వదిలేసినవాళ్లను మెచ్చుకోవడానికి నాకు కారణం కనిపించదు.

మార్పు 1990లలో బ్రెజిల్‌లోని రెసిఫే నుంచి వచ్చింది. మాటిమాటికీ వచ్చే ఆ చలిజ్వరాలకు ఎక్కువగా కారణం పురుగు కాదనీ, వేళ్ల సందుల్లోని చీలికల గుండా దూరే బాక్టీరియా అనీ జెరూసా డ్రేయర్ బృందం చూపింది. జ్వరం వచ్చినప్పుడల్లా కాలు మరికొంత లావెక్కుతుంది. దానికి వైద్యం ఎంతో సాదా: రోజూ సబ్బుతో కడగడం, సందులు తడి లేకుండా తుడవడం, పగుళ్లకు మందు రాయడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం, చీలమండ కదిలించడం.

ఇది తెలిశాక మళ్లీ సుశ్రుతుడి పుట తిప్పితే ఆశ్చర్యం వేస్తుంది. శ్లీపదం తరువాతి అధ్యాయమే క్షుద్రరోగాలు. అందులో మడమలు పగిలే పాదదారి ఉంది, ఆనెకాయ ఉంది, చెడ్డ బురద తగిలి వేళ్ల సందులు నాని దురద, మంట పుట్టే అలసం ఉంది. దానికి పులిసిన గంజితో పాదాలు తడపమన్నాడు. వేప, నువ్వులు, సైంధవలవణం వంటివి నూరి పట్టించమన్నాడు. నాట్ల రోజుల్లో మన ఆడవాళ్లు పాసిన కాళ్లకు పెట్టుకునే గోరింటాకు ముద్ద ఆ కోవలోదే. తలుపూ ఆయనకు తెలుసు, ఇల్లూ తెలుసు. రెంటినీ పక్కపక్క అధ్యాయాల్లో ఉంచి కలపకుండా వెళ్లిపోయాడు. ఆ చిన్న జబ్బును చిన్నదిగానే చూసి ఆధునికులూ దాదాపు నూరేళ్లు ఆలస్యం చేశారు.

కేరళలోని కాసరగోడులో ఒక చర్మవైద్య సంస్థ ఈ రెంటినీ ఒకే గదిలోకి తెచ్చింది. ముందు సబ్బుతో కడుగుతారు, తరువాత మూలికల కషాయంలో కాలు నానబెడతారు, యోగాసనాలు వేయిస్తారు, చివర గట్టి బ్యాండేజి చుడతారు. ఏ పక్షమూ తన పేరు వదులుకోలేదు, సిర కోయడం మాత్రం వదిలేశారు.

నాకు మిగిలిన అసంతృప్తి ఇద్దరి మీదా ఉంది. వేళ్ల సందులు తడి లేకుండా ఉంచమని ఆధునికులంటారు, నానిన సందులకు మందు పట్టించమని సుశ్రుతుడంటాడు. చీకటితో చెరువులో దిగి వల లాగే ముదినేపల్లి కూలీ పాదం ఎప్పుడు ఆరుతుందో ఇద్దరూ అడగలేదు. బోదకాలు ఉన్నవాళ్లకు ఇచ్చే కిట్టులో బేసిను, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉంటాయి. జబ్బు రాకముందే, పట్టుబడి జరిగే గట్టు మీదే, కాళ్లు కడుక్కునే మంచినీళ్లు, పొడిబట్ట, వేళ్ల సందులకు రాసుకునే మందు పెట్టించడం చెరువు రైతుకు పెద్ద ఖర్చు కాదు.